ఫాదర్ ఎటు తిరగాలి?

కేరళలో పూజా విధానంపై పుట్టిన తగవు పోలీసుల దాకా వెళ్లింది. విశ్వాసం విషయంలో సంఘ పెద్దతో విభేదించిన సామాన్యుడికి సంఘంలో మిగిలే చోటెంత?

2022 డిసెంబరు 23. కొచ్చి నగరం నడిబొడ్డున ఉన్న ఎర్నాకుళం సెయింట్ మేరీస్ బసిలికాలో ఒకే బలిపీఠం దగ్గర రెండు వర్గాలు పోటాపోటీగా పూజకు నిలబడ్డాయి. ఒక వర్గం ఫాదర్లు జనానికి ఎదురుగా నిలబడి ప్రార్థనలు చదువుతుంటే, రెండో వర్గం ఫాదర్ జనానికి వీపు పెట్టి తన ప్రార్థనలు తాను చదువుకుంటున్నారు. రాత్రంతా ఇదే తంతు. తెల్లవారాక ఓపిక నశించింది. తోపులాట బలిపీఠం దాకా వెళ్లింది. చివరికి పోలీసులు జోక్యం చేసుకుని అందరినీ బయటికి పంపాల్సి వచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ రోజున ఆ బసిలికాలో పూజ జరగలేదు.

ఇంతకీ తగవు దేని గురించి? పూజ చేసే ఫాదర్ ఎటు తిరిగి నిలబడాలన్న దాని గురించి. బయటివారికి చాదస్తంగా అనిపించవచ్చు. కానీ కంచి వరదరాజస్వామి గుడిలో పాశురాలు చదివే హక్కు మీద వడగలై, తెంగలై వర్గాలు బ్రిటిష్ కాలం నుంచి కోర్టుల చుట్టూ తిరిగిన సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. భక్తి విషయంలో చిన్న తేడా అంటూ ఉండదు.

సిరో మలబార్ చర్చి తనను అపొస్తలుడైన తోమా నాటి సంఘంగా చెప్పుకుంటుంది. పోపు అధికారాన్ని అంగీకరిస్తూనే సొంత పూజా విధానం, సొంత సినడ్ కలిగిన తూర్పు సంప్రదాయ చర్చిల్లో ఇదొకటి. దీనికి 35 మేత్రాసనాలున్నాయి. అందులో పెద్దది, పీఠం వంటిది ఎర్నాకుళం-అంగమాలి. దాదాపు 5 లక్షల మంది విశ్వాసులు, 400 మందికి పైగా ఫాదర్లు ఉన్న మేత్రాసనం అది. రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిసిన తర్వాత ఇక్కడ ఫాదర్లు ప్రజలకు ఎదురుగా నిలబడి పూజ చేయడం మొదలుపెట్టారు. రెండు తరాలు దానికే అలవాటు పడ్డాయి. బల్ల చుట్టూ కుటుంబం కూర్చున్నట్టుగా, అందరూ కలిసి పాల్గొనేదే పూజ అన్నది వారి భావన.

చర్చిలోని మరో వర్గం భావన వేరు. ఫాదర్ జనానికి వీపు చూపడం లేదు, జనంతో కలిసి, వారికి ముందు నిలబడి దేవుడి వైపు తిరుగుతున్నారని వారంటారు. దీని వెనుక ఒక పాత గాయం ఉంది. 1599లో పోర్చుగీసువారు ఉదయంపేరూరు సినడ్ జరిపి తోమా క్రైస్తవుల మీద లాటిన్ పద్ధతులు రుద్దారు. పాత సిరియా సంప్రదాయ గ్రంథాలను తగలబెట్టించారు. కాబట్టి బలిపీఠం వైపు తిరగడమంటే కొత్త ఆంక్ష కాదు, పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడమన్నది ఈ వర్గం వాదన. రెండు వాదనలూ విన్నవారికి ఎవరిది తప్పో చెప్పడం కష్టం. ఒకరు తాతల కాలాన్ని చూపిస్తున్నారు, మరొకరు తమ చిన్ననాటిని చూపిస్తున్నారు.

1999లో సినడ్ మధ్యేమార్గం కనిపెట్టింది. వాక్య పఠనం వరకు ప్రజల వైపు, ముఖ్యమైన అర్పణ ప్రార్థనల సమయంలో బలిపీఠం వైపు, దివ్యసత్ప్రసాదం తర్వాత మళ్లీ ప్రజల వైపు. సగం సగమన్నమాట. కొన్ని మేత్రాసనాలు అమలు చేశాయి, కొన్ని పక్కన పెట్టాయి. ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ గట్టిగా అడగలేదు. 2021 జూలై 3న పోపు ఫ్రాన్సిస్ దీన్ని అమలు చేయాలని లేఖ రాశారు. ఆగస్టులో సినడ్ సమావేశమై నవంబరు 28 నుంచి అన్ని చోట్లా ఒకటే పద్ధతి ఉండాలని తీర్మానించింది. మిగిలిన మేత్రాసనాలు క్రమంగా దారిలోకి వచ్చాయి. ఎర్నాకుళం రాలేదు.

రాకపోవడానికి పూజ ఒక్కటే కారణం కాదు. 2017లో బయటపడిన భూముల అమ్మకం వివాదంలో మేత్రాసనానికి భారీ నష్టం వచ్చిందని అక్కడి ఫాదర్లే ఆరోపించారు. అప్పటి అధిపతి కార్డినల్ జార్జ్ అలెంచేరి మీద వేలెత్తి చూపారు. నమ్మకం సడలిన చోట ఏ ఆదేశమైనా పెత్తనంగానే కనిపిస్తుంది. అంతకుముందు భూములు అమ్మిన చేతులే ఇప్పుడు పూజ ఎలా చేయాలో చెబుతున్నాయన్న కోపం కలిసింది. పైకి వేదాంతంగా కనిపించే చాలా తగవుల్లో అడుగున ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది. దాన్ని వదిలేసి వేదాంతం ఒక్కటే చర్చిస్తే చర్చ ఎప్పటికీ తెగదు.

ఆ తర్వాతి నాలుగేళ్లూ ఎత్తులూ పైఎత్తులే. ఫాదర్లకు మినహాయింపు ఇచ్చిన ఆర్చిబిషప్ ఆంటొనీ కరియిల్ 2022 జూలైలో తప్పుకోవాల్సి వచ్చింది. ఆయన స్థానంలో నిర్వాహకుడిగా వచ్చిన ఆర్చిబిషప్ ఆండ్రూస్ తాళత్‌ను అదే ఏడాది నవంబరు 27న బసిలికాలో అడుగు పెట్టనివ్వలేదు. 2023లో పోపు తన ప్రతినిధిగా స్లొవేకియాకు చెందిన ఆర్చిబిషప్ సిరిల్ వాసిల్‌ను పంపితే ఆగస్టు 14న ఆయన మీద కోడిగుడ్లు పడ్డాయి. డిసెంబరు 7న పోపు స్వయంగా వీడియో సందేశంలో హెచ్చరించారు. అదే రోజున కార్డినల్ అలెంచేరి రాజీనామాను ఆమోదించారు.

2024 జనవరిలో సినడ్ కొత్త అధిపతిని ఎన్నుకుంది. ఆయనకు తెలుగు నేలతో సంబంధం ఉంది. మార్ రాఫెల్ తట్టిల్ అంతకుముందు హైదరాబాద్ పొలిమేరలోని శంషాబాద్ మేత్రాసనానికి తొలి బిషప్. 2017లో ఏర్పాటైన ఆ మేత్రాసనం పరిధి చిన్నదేమీ కాదు. దేశంలో మరే సిరో మలబార్ మేత్రాసనం కిందికీ రాని ప్రాంతాలన్నీ దానికే అప్పగించారు. ఉద్యోగాల కోసం వలస వచ్చిన నర్సులు, ఉపాధ్యాయుల కుటుంబాలను వెతుక్కుంటూ తిరిగిన బిషప్ కాబట్టి మెతకగా ఉంటారని కొందరు ఆశించారు. కానీ 2024 జూన్ 9న వెలువడిన ఆదేశం కటువుగానే ఉంది. జూలై 3 నుంచి ఏకరూప పూజ చేయని ఫాదర్లు కాథలిక్ చర్చి నుంచి తమంతట తాము బయటికి పోయినట్టే లెక్క అన్నారు. గడువుకు కొద్ది రోజుల ముందు రాజీ కుదిరింది. ఆదివారాల్లో, ముఖ్యమైన పండుగల్లో కనీసం ఒక్క పూజ కొత్త పద్ధతిలో చేస్తే చాలన్నారు. అదీ నిలకడగా సాగలేదు. 2025 జనవరిలో బిషప్ భవనంలో నిరసనకు దిగిన 21 మంది ఫాదర్లను పోలీసులు తెల్లవారుజామున బయటికి లాగారు. తర్వాత మేత్రాసన బాధ్యతలు చేపట్టిన ఆర్చిబిషప్ జోసఫ్ పాంప్లానీ మళ్లీ మాటలు కలిపారు. 2025 జూలై 3 నుంచి ప్రతి విచారణలో ఆదివారం ఒక పూజ ఏకరూప పద్ధతిలో, మిగిలినవి పాత అలవాటు ప్రకారం జరిపేలా ఒప్పందమైంది.

ఈ కథలో జూలై 3 పదేపదే వస్తుంది. అది సెయింట్ థామస్ పండుగ. గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడి పేరు మీద ఇన్ని ఆదేశాలు వెలువడడం ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు.

ఫాదర్లు, బిషప్పుల సంగతి సరే. వారి వెనుక కుర్చీల్లో కూర్చున్నవారి మాటేమిటి? కాథలిక్ ధర్మశాస్త్రం వారికి ఒక హక్కు ఇచ్చింది. లాటిన్ చర్చి స్మృతిలో 212వ సూత్రం, 1990 నాటి తూర్పు చర్చిల స్మృతిలో 15వ సూత్రం ఒకే మాట చెబుతాయి. సంఘ క్షేమానికి సంబంధించిన విషయాల్లో విశ్వాసులు తమ పరిజ్ఞానానికి తగినట్టు అభిప్రాయాన్ని పెద్దలకు తెలియజేయవచ్చు, కొన్నిసార్లు అది వారి బాధ్యత కూడా. వినడానికి బాగానే ఉంది. అయితే విన్నవారు జవాబు చెప్పి తీరాలని ఆ సూత్రంలో లేదు. పోపు నిర్ణయం మీద అప్పీలు లేదని మరో సూత్రం ఖాయం చేస్తుంది. బిషప్పులే సభ్యులుగా ఉండే సినడ్ లాంటి వేదిక కూడా లేని గృహస్థ విశ్వాసులకు వినతిపత్రాలు, వీధి ఊరేగింపులు మిగిలాయి. ఎర్నాకుళంలో వారు ‘అల్మాయ మున్నేట్టం’ పేరుతో సంఘటితమయ్యారు. ఆ పేరుకు గృహస్థ విశ్వాసుల ముందడుగు అని అర్థం. మర్యాదగా మాట్లాడే దారి మూసుకుపోయినప్పుడే కోడిగుడ్లు బయటికి వస్తాయి. అలాగని విసిరినవారిని సమర్థించలేం. పూజలో ఉన్న పవిత్రతను కాపాడతామంటూ బలిపీఠం దగ్గరే తోసుకున్నవారికి సమాధానం చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

ఇలాంటి తగవు ముదిరితే ఎక్కడికి పోతుందో చూడాలంటే కొచ్చి దాటి వెళ్లనక్కర్లేదు. 1653లో మట్టాంచేరిలో పోర్చుగీసు పెత్తనాన్ని ధిక్కరిస్తూ శిలువ సాక్షిగా ప్రమాణం చేసిన తోమా క్రైస్తవుల వారసుల్లో ఆర్థొడాక్స్, జాకోబైట్ వర్గాలున్నాయి. ఇద్దరి పూజ ఒకటే, విశ్వాస ప్రమాణం ఒకటే. తేడా ఎవరికి లోబడాలన్న దగ్గరే. సిరియాలోని అంతియొకయ పాట్రియార్కుకా, కొట్టాయంలోని కాథోలికోసుకా? వందేళ్లకు పైగా కోర్టుల్లో నలిగిన ఈ కేసులో సుప్రీంకోర్టు 2017 జూలై 3న తీర్పు చెప్పింది. 1934 నాటి సంఘ నియమావళి ప్రకారమే చర్చిలన్నీ నడవాలంది. తీర్పు ఆర్థొడాక్స్ వర్గానికి అనుకూలం. జాకోబైట్లు మెజారిటీగా ఉన్న ఊళ్లలో సైతం చర్చి తాళాలు చేతులు మారాయి. అసలు బాధ శ్మశానం దగ్గర మొదలైంది. తాతముత్తాతల సమాధుల పక్కన కొత్త సమాధికి అవతలి వర్గం ఫాదర్ ఒప్పుకోకపోవడంతో వారాల తరబడి శవాలు ఇళ్లలోనో, మార్చురీల్లోనో ఉండిపోయాయి. చివరికి కేరళ ప్రభుత్వం 2020లో ప్రత్యేక చట్టం చేసింది. మృతుడి కుటుంబం కావాలనుకుంటే విచారణ ఫాదర్ ప్రార్థన లేకుండానే పూర్వీకుల శ్మశానంలో ఖననం చేసుకోవచ్చని ఆ చట్టం చెబుతుంది.

సిద్ధాంతం మీద విభేదించిన మనిషికి అసలు భయం ఇదే. నరకం తర్వాతి సంగతి. ముందు పిల్ల పెళ్లి చదివింపులు ఎవరు చేస్తారు, తండ్రి శవాన్ని ఎక్కడ పెడతారు? మన చట్టం కూడా ఈ విషయంలో పూర్తిగా విశ్వాసి పక్షాన లేదు. వెలివేతను నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని దావూదీ బోహ్రాల మతగురువు సవాలు చేస్తే 1962లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మత కారణాలతో సభ్యుణ్ని బయటికి పంపే అధికారం సంఘానికి 26వ అధికరణం కింద ఉందన్నది. ఆ తీర్పును పునఃపరిశీలించాలని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది.

తెలుగు నేల మీద కథ వేరుగా నడిచింది. ఇక్కడ పోరాడి లోపల ఉండేవారికంటే బయటికి నడిచి కొత్త సంఘం పెట్టుకున్నవారే ఎక్కువ. రాజమండ్రి ప్రాంతంలో లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దర్శనాలు, స్వప్నాలు, స్వస్థత ప్రార్థనలను గట్టిగా బోధించారు. దేవుడు తన గ్రంథం ద్వారానే మాట్లాడతాడన్న లూథరన్ క్రమానికి అది సరిపడలేదు. 1938లో బైబిల్ మిషన్ పుట్టింది. గుంటూరు దగ్గర ఏటా జరిగే దాని మహాసభలకు వచ్చే జనాన్ని చూసినవారికి ఆ చీలిక ఎంతగా వేళ్లూనుకుందో తెలుస్తుంది. పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చిన బక్త్ సింగ్ మొదట్లో మిషన్ చర్చిలన్నిటిలో ప్రసంగించేవారు. తర్వాత మిషన్ల పేర్లతో వేరువేరుగా ఉండడమే బైబిలుకు విరుద్ధమన్న నిర్ణయానికి వచ్చి 1941లో మద్రాసులో సొంత సహవాసం మొదలుపెట్టారు. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను వెలిసింది. 2000లో ఆయన కన్నుమూసేనాటికి తెలుగు పల్లెల్లో ‘హెబ్రోనువాళ్లు’ అన్నది ఒక గుర్తింపుగా స్థిరపడింది.

ఆ బాటలోనే తర్వాతి తరంలో వీధికో ప్రార్థనా మందిరం వచ్చింది. చిన్నప్పుడు నీళ్లు చల్లి ఇచ్చిన బాప్తిస్మం చాలదని పెద్దయ్యాక మునక బాప్తిస్మం తీసుకోవాలా? భాషల్లో మాట్లాడనివాడికి ఆత్మ లేనట్టేనా? ఆడవాళ్లు నగలు తీసేయాలా, తాళి కూడానా? దశమ భాగం జీతం మొత్తం మీదా, చేతికొచ్చిన దాని మీదా? ఇవి ఇప్పటి తెలుగు ఇళ్లలో నిజంగా జరిగే వాదనలు. భర్త సీఎస్ఐ, భార్య పెంతెకొస్తు అయిన ఇంట్లో రెండో బాప్తిస్మం అంటే భార్యకు విధేయత, అటువైపు పాత సంఘానికి క్రమశిక్షణ ఉల్లంఘన. తాళి తీసేసిన కోడలి మీద అత్తగారి కోపానికి వేదాంతం తెలియనక్కర్లేదు.

ఇక్కడ ఫిర్యాదు ఎవరికి చేయాలి? సీఎస్ఐలో అయితే పాస్టరుగారి మీద పాస్టొరేట్ కమిటీ ఉంటుంది, దాని మీద డయోసిస్ కౌన్సిల్, ఆ పైన సినడ్ ఉంటాయి. అవి ఎన్నికలు, ఆస్తుల రాజకీయాల్లో మునిగి ఉంటాయన్నది వేరే విషయం. మెట్లయితే ఉన్నాయి. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల మెట్లే లేవు. స్థలం పాస్టరుగారి పేరున ఉంటుంది లేదా ఆయన కుటుంబం నడిపే ట్రస్టు పేరున ఉంటుంది. పెద్దల కమిటీలో బావమరిది, అల్లుడు ఉంటారు. ప్రశ్న అడిగినవాడికి సాధారణంగా వచ్చే జవాబు, దేవుడు అభిషేకించినవారిని ముట్టకూడదని. సౌలును చంపే అవకాశం దొరికినా దావీదు చేయి ఎత్తలేదన్న ఉదాహరణ వెంటనే వస్తుంది. చేయి ఎత్తకపోవడానికీ నోరు ఎత్తకపోవడానికీ తేడా ఉంది. అదే దావీదు అదే సందర్భంలో సౌలును పిలిచి నీవు నాకు అన్యాయం చేస్తున్నావని ముఖం మీదే చెప్పాడన్నది ఆ ప్రసంగాల్లో వినిపించదు. పౌలు అంతియొకయలో పేతురును అందరి ముందూ నిలదీసిన సంగతి కూడా అంతే.

సంఘాలన్నీ చూపించే మరో దారి మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ముందు ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఇద్దరు సోదరుల మధ్య తప్పొప్పులకు ఇది చక్కని పద్ధతి. పాస్టరుగారి బోధ మీదే అభ్యంతరమైతే మూడో మెట్టు దగ్గర ఇరుకున పడతాం. సంఘానికి చెప్పడమంటే మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. అయినా మొదటి మెట్టు వదలకూడదు. ఆదివారం ప్రసంగం అయ్యాక గుమ్మం దగ్గర నలుగురిలో అడిగితే ఎంత ఓర్పున్న పాస్టరైనా పరువు గురించే ఆలోచిస్తారు. వారం మధ్యలో ఇంటికెళ్లి, ఫలానా రోజు ఫలానా మాట అన్నారు, దానికి ఆధారం ఏమిటని అడిగితే చాలా అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి, లేదంటే కనీసం అవి ఏమిటో స్పష్టమవుతాయి. సంఘానికి రాతపూర్వక నియమావళి ఉందా, ఉంటే అది సభ్యుడికి చూపిస్తారా అన్నది అడగడం కూడా అప్పుడే మంచిది. తగవు వచ్చాక అడిగితే తిరుగుబాటు అంటారు.

ఏది విశ్వాస మూలం, ఏది అలవాటు అన్నది ఎవరికి వారు ముందుగా తేల్చుకోవాల్సి ఉంటుంది. ఎర్నాకుళంలో త్రిత్వాన్ని గానీ, సత్ప్రసాదంలో క్రీస్తు ఉన్నాడన్న నమ్మకాన్ని గానీ ఏ వర్గమూ కాదనలేదు. అయినా రెండు వర్గాలూ తమది మూలమన్నట్టే పోరాడాయి. తెలుగు సంఘాల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. పాటల శైలి నచ్చలేదని సంఘం మారేవారున్నారు. కానుక ఇస్తే రోగం పోతుందని, పోకపోతే విశ్వాసం లేనట్టని బోధించినా సర్దుకుపోయేవారున్నారు. మందులు మానేయమన్న బోధకుడి దగ్గర మాత్రం మూడు మెట్లూ ఎక్కే దాకా ఆగనక్కర్లేదు. రోగిని తీసుకుని ఆస్పత్రికి వెళ్లిపోవడమే మేలు.

విభేదిస్తూనే తెగతెంపులు చేసుకోని ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్ఐగా ఏర్పడినప్పుడు దోర్నకల్ డయోసిస్‌లోని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది రామన్నారు. దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితమంతా ఈ ఐక్యత కోసం పనిచేసి, అది చూడకుండానే 1945లో చనిపోయారు. ఆయన డయోసిస్‌లోనే ఇంత వ్యతిరేకత. నంద్యాలవారి అభ్యంతరం నికార్సయిన సిద్ధాంతం. బిషప్ చేతుల మీద అభిషేకం పొందని పాస్టర్లను తమవారితో సమానంగా ఎలా అంగీకరిస్తామన్నది వారి ప్రశ్న. ఐక్యత ఒప్పందంలో దీనికి ముందే ఒక హామీ రాసిపెట్టారు. మనస్సాక్షికి విరుద్ధంగా ఏ సంఘం మీదా కొత్త పాస్టరును, కొత్త ఆరాధన పద్ధతిని రుద్దబోమని అందులో ఉంది. అది నంద్యాలను ఆపలేదు. వారు పాత ఆంగ్లికన్ చర్చిలోనే కొనసాగారు, 1963లో సొంత డయోసిస్ తెచ్చుకున్నారు. అటువైపు సీఎస్ఐ ఆ హామీకి కట్టుబడి ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ సీఎస్ఐలో కొత్తగా వచ్చిన పాస్టర్లందరూ బిషప్పుల చేతుల మీదుగా అభిషేకం పొందినవారే కావడంతో పాత అభ్యంతరానికి పెద్దగా పని లేకపోయింది. 1970ల మధ్యలో నంద్యాల సీఎస్ఐలో కలిసింది. మధ్యలో గడిచిన కాలం ముప్ఫై ఏళ్లకు కొంచెం తక్కువ.